జంట గీత

ముత్తులక్ష్మీ రెడ్డి చెల్లెలు 1923లో చనిపోయింది. జబ్బు మలాశయ కేన్సర్. మొదట చూసినవాళ్లు జిగట విరేచనాలనుకుని దానికే వైద్యం చేశారు. అక్క సామాన్యురాలు కాదు. 1912లోనే మద్రాసు మెడికల్ కాలేజీ నుంచి పట్టా పుచ్చుకున్న డాక్టర్. అంతటి మనిషి ఇంట్లోనే అసలు జబ్బు సకాలంలో పట్టుబడలేదు. ఆ దుఃఖం ముప్పై ఏళ్ల తర్వాత అడయారులో ఆస్పత్రి రూపం తీసుకుంది. 1952లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1954 జూన్‌లో పన్నెండు పడకలతో తలుపులు తెరిచిన ఆ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు ఇప్పుడు దేశం నలుమూలల నుంచీ రోగులు వస్తారు.

వందేళ్లు గడిచినా మలంలో రక్తం పడితే మొలలనుకునే అలవాటు మాత్రం మనకు పోలేదు. నెల్లూరులోనో గూడూరులోనో ఏడాదిపాటు మొలల మందు మింగి, ఒళ్లు సగమయ్యాక పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై సెంట్రల్‌లో దిగేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు. వాళ్లలో ముప్పై, ముప్పై ఐదేళ్ల వాళ్లుంటే డాక్టర్ స్కానింగ్ కంటే ముందు ఒక మాట అడగాలి: మీ ఇంట్లో ఇంతకుముందు ఇంకెవరికైనా వచ్చిందా?

ఈ ప్రశ్నను శాస్త్రంగా అడగడం మన దేశంలో తొలుత మొదలైన చోట్లలో చెన్నై ఒకటి. అడయారు సంస్థలో డాక్టర్ టి. రాజ్‌కుమార్ బృందం వంశపారంపర్య కేన్సర్ల కోసం ప్రత్యేకంగా ఒక క్లినిక్ పెట్టింది. దాని గురించి 2005లో ఓ అంతర్జాతీయ పత్రికలో రాసిన వ్యాసానికి ‘భారతదేశంలో మొదటి సమగ్ర వంశపారంపర్య కేన్సర్ క్లినిక్’ అనే అర్థం వచ్చేలా శీర్షిక పెట్టుకున్నారు. పెద్దపేగు కేన్సర్ రోగుల్లో ఎంఎస్‌హెచ్2, ఎంఎల్‌హెచ్1 అనే జన్యువుల మార్పులను వెతకడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. ఇరవై ఏళ్లలో యంత్రాలు మారాయి, ఖర్చు తగ్గింది. గొట్టంలో కాస్త రక్తమో ఉమ్మో ఇస్తే డజన్ల కొద్దీ జన్యువుల్ని ఒక్క పట్టున చదివి పెట్టే ప్రయోగశాలలు వచ్చాయి. నా ఫిర్యాదు యంత్రాల మీద కాదు. యంత్రం దాకా వెళ్లే ముందు జరగాల్సిన పని ఒకటుంది. దాన్ని మనం చేయడం లేదు.

ఆ పనికి ఒక తెల్లకాగితం, ఒక కలం చాలు. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా. కేన్సర్ వచ్చినవాళ్ల గుర్తును నల్లగా నింపుతారు, పోయినవాళ్ల మీద అడ్డగీత కొడతారు, ఎదురుగా కూర్చున్న రోగికి బాణం గుర్తు పెడతారు. భార్యాభర్తల్ని కలిపేది ఒక గీత. ఆ ఇద్దరూ పెళ్లికి ముందే రక్తసంబంధీకులైతే మాత్రం జంట గీత. ఇంగ్లిష్‌లో ‘అంకుల్’ అంటే ఎవరో తేల్చడానికి నాలుగు ప్రశ్నలు వేయాలి. తెలుగులో ‘మేనమామ’ అంటే ఒక్కమాటతో సరిపోతుంది. ఇక్కడా ఒక చిక్కుంది. మామయ్య అంటే మేనమామా, పిల్లనిచ్చిన మామా అని అడిగితే ‘రెండూ ఆయనే’ అనే జవాబు దక్షిణాదిలోనే వినిపిస్తుంది. జంట గీత పడేది అక్కడే.

పేగు కేన్సర్లలో ఎక్కువ భాగం వంశపారంపర్యం కావు. స్పష్టంగా ఒక జన్యువు వల్ల వచ్చేవి నూటికి ఐదు నుంచి పది అని లెక్క. వాటిలో రెండు ముఖ్యం. ఒకటి ఏపీసీ అనే జన్యువు చెడిపోవడం వల్ల వచ్చేది. ఐదో క్రోమోజోమ్ మీద ఉండే ఈ జన్యువును 1991లో పట్టుకున్నారు. ఇది చెడితే పదేళ్లూ పన్నెండేళ్లూ వచ్చేసరికి పెద్దపేగు లోపలి గోడంతా బుడిపెలు, అంటే పాలిప్స్, మొలవడం మొదలవుతుంది. ఒకటీ రెండూ కాదు, వందలు, కొందరిలో వేలు. కొలొనోస్కోపీ తెర మీద చూస్తే చెమటకాయలు పేలిన వీపులా ఉంటుంది. ఏ ఒక్క బుడిపైనా కేన్సర్‌గా మారవచ్చు. అన్ని వందలున్నప్పుడు ఏదో ఒకటి మారకుండా ఉండదు. వదిలేస్తే నలభై ఏళ్లు వచ్చేసరికి దాదాపు అందరికీ కేన్సర్ వస్తుంది. అందుకే ఇరవై ఏళ్ల లోపో, కాస్త అటూ ఇటూగానో పెద్దపేగు తీసేయడం ఒక్కటే దారి. పదివేల మందిలో ఒకరికి ఉండొచ్చని అంచనా. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగం సగం అవకాశం.

ఈ ‘సగం’ అనే మాట దగ్గర ఆగాలి. జన్యుపరీక్ష అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది చెడ్డ కబురు. నిజానికి ఈ పరీక్ష చేసే పెద్ద మేలు రెండో సగానికి. తండ్రికి ఏపీసీ మార్పు ఉందని తెలిసి, అదెక్కడుందో కూడా తెలిస్తే, పిల్లల్లో ఆ ఒక్క చోటునే చూస్తే చాలు, ఖర్చూ బాగా తగ్గుతుంది. అది లేని పిల్లకు ఆ రోజుతో విముక్తి. పరీక్ష చేయించకపోతే ఆ పిల్ల కూడా పదేళ్ల వయసు నుంచి ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కొలొనోస్కోపీ గొట్టం వేయించుకోవాలి. ముందురోజు రాత్రి రెండు లీటర్ల ఉప్పుప్పటి విరేచనాల మందు గ్లాసు తర్వాత గ్లాసు తాగాలి. తెల్లారేదాకా బాత్రూముకూ మంచానికీ మధ్య తిరగాలి. స్కూలు ఎగ్గొట్టాలి. పెద్దవాళ్లకే ఇది నరకం, పదేళ్ల పిల్లకు సరదా ఏం కాదు. ఒక్క రక్తపరీక్షతో ఇవన్నీ తప్పే పిల్లలు ఆ ఇంట్లో సగటున సగం మంది. భయంతో పరీక్షకు పోని ఇల్లు పిల్లలందర్నీ అనుమానంలో పెడుతుంది.

రెండోది లించ్ సిండ్రోమ్. ఇందులో వందల బుడిపెలుండవు. డీఎన్ఏలో పడే అచ్చుతప్పుల్ని దిద్దే జన్యువులు పాడవుతాయి. తప్పులు పేరుకుపోతాయి, కేన్సర్ ముందుగా వస్తుంది. ఇది అరుదనుకుంటాం గానీ మూడు వందల మందిలో ఒకరికి ఉంటుందని ఇప్పటి అంచనా. కథ 1895లో అమెరికాలోని మిషిగన్‌లో మొదలైంది. కుట్టుపని చేసుకునే ఒకావిడ ఆల్డ్రెడ్ వార్తిన్ అనే పెథాలజీ ప్రొఫెసర్‌తో, మా వాళ్లందరూ పేగు కేన్సర్‌తోనో గర్భసంచి కేన్సర్‌తోనో పోతారు, నేనూ అలాగే పోతాను అంది. చివరికి అలాగే పోయింది. ఆయన ఆ కుటుంబ వృక్షాన్ని గీసి 1913లో అచ్చువేశాడు. హెన్రీ లించ్ ఆ దారిని మళ్లీ పట్టుకున్నది 1960లలో. జన్యువులు దొరికింది 1993, 94ల్లో. అంటే జన్యువు పేరు తెలియడానికి ఎనభై ఏళ్ల ముందే ఒక కుట్టుపని మనిషి నోటిమాట, ఒక కాగితం, ఒక కలం ఆ జబ్బును పట్టేశాయి.

ఆవిడ చెప్పిన రెండు అవయవాలు గుర్తుపెట్టుకోండి: పేగు, గర్భసంచి. లించ్ సిండ్రోమ్‌కు గర్భసంచి కేన్సర్ పెద్ద ఆనవాలు. తెలుగునాట ఈ ఆనవాలే చెరిగిపోతోంది. గర్భసంచి తీసేసే ఆపరేషన్లలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి వరసలో ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దాదాపు నూటికి తొమ్మిది మందికి అప్పటికే గర్భసంచి తీసేశారు. తెలంగాణా ఆ దగ్గర్లోనే ఉంది. ఈ ఆపరేషన్లలో ఎన్ని అవసరం, ఎన్ని వ్యాపారం అన్న గొడవ వేరు. మన వంశవృక్షం మీద దాని ప్రభావం సంగతి చూడండి. పిన్నికేమైంది అంటే ‘గర్భసంచి తీసేశారు’ అంటారు. ఎందుకు తీశారంటే ‘బ్లీడింగ్’ అంటారు. తీసిన సంచిని పరీక్షకు పంపారా, అందులో ఏముంది అన్నది ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ఆమె సున్నా నల్లగా నింపాలా, ఖాళీగా వదలాలా? కొందరిలో అసలు కేన్సర్ రాకముందే సంచి పోయి ఉంటుంది. అది వాళ్ల మంచికే కావచ్చు. వాళ్ల కూతుళ్లకు మాత్రం హెచ్చరిక చెరిగిపోయినట్టే.

ఇక జంట గీత. తమిళనాడులో, ఆంధ్రలో జరిగే పెళ్లిళ్లలో నాలుగింట ఒకటికి పైగా దగ్గర చుట్టాల మధ్యవేనని అదే సర్వే చెబుతోంది. ఏపీసీ, లించ్ జబ్బులకు జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కటి చెడితే చాలు, మేనరికంతో పనిలేదు. కానీ మ్యూటీవైహెచ్ అనే మరో జన్యువుంది. 2002లో దీని పాత్ర బయటపడింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడితేనే బుడిపెల జబ్బు వస్తుంది. తల్లిదండ్రులు ఆరోగ్యంగానే ఉంటారు. ‘మా వంశంలో ఎవరికీ లేదండీ’ అని నిజాయితీగానే చెబుతారు. ఒకే తాత నుంచి వచ్చిన చెడ్డ ప్రతి ఇటు నుంచీ అటు నుంచీ బిడ్డలో కలుసుకోవడానికి మేనరికం దారి వేస్తుంది. ఇంకా ఘోరమైనది ఒకటుంది. లించ్ జన్యువు రెండు ప్రతులూ చెడిపోయి పుట్టిన పిల్లలకు బాల్యంలోనే మెదడు కణితులు, రక్త కేన్సర్లు, పేగు కేన్సర్లు వస్తాయి. ఒంటి మీద పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలుంటాయి. వాటిని చూసి వేరే జబ్బనుకుని పొరబడతారు. ఇది ప్రపంచంలో ఎక్కడైనా అరుదే, రక్తసంబంధీకుల పెళ్లిళ్లున్న చోట ఎక్కువ. పిల్లల వార్డులో ఇలాంటి బిడ్డ కనిపిస్తే ఆ తల్లీ తండ్రీ ఇద్దరికీ లించ్ ఉందన్నమాట. ముందు పిల్లవాడికి, తర్వాత మేనత్తలకూ మేనమామలకూ కూడా పరీక్షలు అవసరమవుతాయి.

మేనరికాలు మానేయమని ఇక్కడ నేను ఉపన్యాసం ఇవ్వబోవడం లేదు. ఆ మాట చెప్పి చెప్పి డాక్టర్లూ అలిసిపోయారు, విని విని జనమూ అలిసిపోయారు. పైగా మేనరికం లేకపోయినా కులంలోనే పెళ్లిళ్లు చేసుకునే దేశం మనది. ఆపరేషన్‌లో వాడే సక్సినైల్‌కోలిన్ అనే కండరాల మందు ఆర్యవైశ్యుల్లో కొందరికి గంటల తరబడి దిగదనీ, ఊపిరి తిరిగి రాదనీ మత్తు డాక్టర్లు ఎప్పటినుంచో ఎరుగుదురు. ఆ మందును అరగదీసే ఎంజైమ్‌ను పాడుచేసే మార్పు వేల ఏళ్ల కింద కొద్దిమంది పూర్వీకుల నుంచి ఒక సమూహంలో వ్యాపించింది. 2017లో హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన కె. తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు కలిసి దక్షిణాసియాలో 260కి పైగా సమూహాల డీఎన్ఏను పరిశీలించాయి. వాటిలో 81 సమూహాల్లో ఈ ‘కొద్దిమంది పూర్వీకుల’ ప్రభావం యూరప్ యూదుల్లో కంటే బలంగా ఉంది. యూదుల పేరు ఎందుకు చెబుతున్నానంటే, వాళ్లలో నూటికి దాదాపు ఆరుగురికి ఏపీసీ జన్యువులో ఒక ప్రత్యేక మార్పు ఉందనీ, అది పేగు కేన్సర్ ముప్పును కొంత పెంచుతుందనీ 1997లోనే కనిపెట్టారు. మన 81 సమూహాల్లో ఎందులో ఏ మార్పు దాగుందో వెతకాలంటే పెద్ద ఎత్తున మన డీఎన్ఏ చదవాలి. 2025 జనవరిలో పదివేల మంది భారతీయుల జన్యుపటాల్ని పరిశోధకులకు విడుదల చేశారు. మంచిదే. నూట నలభై కోట్ల మందికి అది మొదటి మెట్టు.

ఈ లోటు ప్రయోగశాల రిపోర్టులో ఎలా కనిపిస్తుందో చూడండి. మార్పు దొరికింది, కానీ అది చెడ్డదో కాదో తెలియదు అని ఒక రకం ఫలితం వస్తుంది. ప్రపంచ డేటాబేసులు ఎక్కువగా తెల్లవాళ్ల డీఎన్ఏతో నిండాయి కాబట్టి మనకు ఈ ‘తెలియదు’ ఎక్కువగా పడుతుంది. దాన్ని చూసి పేగు తీయించుకోకూడదు, నిశ్చింతగా ఉండకూడదు. కుటుంబ చరిత్ర చూసే నడుచుకోవాలి. మళ్లీ మొదటి కాగితం దగ్గరికే వచ్చాం. మ్యూటీవైహెచ్ సంగతే చూడండి. మొదట్లో యూరప్ వాళ్లలో ఎక్కువగా ఉండే రెండు మార్పుల్నే వెతికేవారు. బ్రిటన్‌లో స్థిరపడిన భారతీయ కుటుంబాల్లో వేరే మార్పు బయటపడింది. అయినా 2019లో అమెరికాలో 23అండ్‌మీ కంపెనీ ఇంటికే పంపే ఉమ్మి పరీక్షకు అనుమతి దొరికినప్పుడు అందులో చూసేది ఆ రెండు మార్పుల్నే. మన పిల్లలు అక్కడ సరదాకి ఆ డబ్బా కొని ‘నెగెటివ్’ అని ఇంటికి ఫోన్ చేస్తే, ఆ నెగెటివ్ మన వంశం గురించి చెప్పింది దాదాపు ఏమీ లేదు. ఆ కంపెనీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. లక్షల మంది ఉమ్ముల్లోని సమాచారం ఎవరి చేతికి పోతుందోనని కంగారు పడిన వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

ఇంత తెలిసీ జనం ఎందుకు చేయించుకోరు? పెళ్లి సంబంధాలు, ఇంకేమిటి. ‘వాళ్లింట్లో కేన్సర్ ఉందట’ అన్న మాట పడితే చెల్లెలి పెళ్లి ఆగిపోతుంది. అందుకే మా వైపు పెద్దాయన ఏమై పోయారంటే ‘కడుపులో పుండు’ అనే అంటారు, ‘పెద్ద జబ్బు’ అనేది ఇంకా ధైర్యమున్నవాళ్ల మాట. దానితో పాటు ఇన్సూరెన్స్ భయం. ఇది వట్టి భయం కాదు. చెన్నై కేంద్రంగా నడిచే ప్రభుత్వ సంస్థ యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్‌కూ ఒక పాలసీదారుకూ మధ్య గుండెజబ్బు క్లెయిము మీద వచ్చిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2018 ఫిబ్రవరిలో ఒక తీర్పు ఇచ్చింది. ‘జన్యు సంబంధ జబ్బులు’ అని గుండుగుత్తగా మినహాయించడం వివక్ష అంది. మార్చిలో బీమా నియంత్రణ సంస్థ ఆ సాకుతో క్లెయిములు తిరస్కరించవద్దని కంపెనీలకు సర్క్యులర్ పంపింది. పాలసీ నిబంధనల మీద ఇచ్చిన విస్తృత ఆదేశాలను ఆ ఏడాదే సుప్రీంకోర్టు నిలిపివేసింది. అమెరికాలో 2008 నుంచి జన్యువివక్షకు వ్యతిరేకంగా చట్టం ఉంది, అది కూడా జీవితబీమా జోలికి పోదు. మనకు అంత మాత్రమూ లేదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం జన్యు సమాచారానికి ప్రత్యేకమైన కంచె వేయలేదు. ఈ స్థితిలో ‘పరీక్ష చేయించుకోండి’ అని ఊరికే ప్రచారం చేయడం ఆస్పత్రులకు సులువు, జనానికి కాదు. ఆరోగ్యబీమా లేనివాళ్లను ముందు పాలసీ తీసుకుని తర్వాత పరీక్షకు వెళ్లమని చెవిలో చెప్పే డాక్టర్లుంటారు. సలహా తెలివైనదే. కానీ చట్టం చెప్పాల్సిన మాటను డాక్టరు గుసగుసగా చెప్పాల్సి రావడం ఏ రకంగా బాగుంది?

ప్రభుత్వం చేయగలిగింది ఉంది, అది పెద్ద ఖర్చూ కాదు. దేశమంతటా అందరికీ కొలొనోస్కోపీ చేయమనడం నా ఉద్దేశం కాదు. పేగు కేన్సర్ మన దగ్గర పాశ్చాత్య దేశాలంత లేదు, ఆ ఖర్చు దండగ. జాతీయ కార్యక్రమంలో పరీక్షిస్తున్నవి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. ఆ వరస సరైనదే. పేగు విషయంలో ఊరందర్నీ కాదు, ఇళ్లను వెతకాలి. చెన్నైలో రాజీవ్‌గాంధీ జనరల్ ఆస్పత్రిలోనో స్టాన్లీ ఆస్పత్రిలోనో తీసిన ప్రతి పేగు కణితికీ లించ్ జన్యువులు తయారుచేసే నాలుగు ప్రొటీన్ల రంగు పరీక్ష తప్పనిసరి చేయొచ్చు. కణితిని ఎలాగూ మైనంలో గడ్డకట్టించి కోస్తారు, అదే దిమ్మ నుంచి మరో నాలుగు పొరలు కోసి రంగువేస్తే చాలు. ఏదైనా ప్రొటీన్ కనిపించకపోతే రక్తపరీక్షకు దారి దొరికినట్టే. ఇది వైద్యానికీ పనికొస్తుంది: ఇలాంటి మలాశయ కణితులున్న కొద్దిమంది రోగులకు 2022లో న్యూయార్క్‌లో ఇమ్యూనోథెరపీ మందు ఒక్కటే ఇస్తే అందరి కణితులూ మాయమయ్యాయి, కోత అవసరం పడలేదు. లించ్ ఉన్నవాళ్లకు ఏళ్లపాటు ఆస్పిరిన్ ఇస్తే పేగు కేన్సర్ ముప్పు చాలా తగ్గుతుందని బ్రిటన్ నుంచి నడిపిన పరీక్షల్లోనూ తేలింది. రూపాయల మాత్ర!

తమిళనాడులో 2021 ఆగస్టు నుంచి ‘మక్కలై తేడి మరుత్తువం’ కింద ఇంటింటికీ వచ్చి బీపీ, షుగర్ చూసే కార్యకర్తలున్నారు. వాళ్ల ఫారంలో ఒక్క గడి పెంచితే చాలు: మీ తోడబుట్టినవాళ్లలో, తల్లిదండ్రుల్లో, మేనమామలు మేనత్తల్లో యాభై ఏళ్ల లోపు పేగు కేన్సరో, గర్భసంచి కేన్సరో వచ్చిందా? ఎవరూ ఇంగ్లిష్‌లో అడగాల్సిన పనిలేదు. ఆంధ్రలో ఆశా కార్యకర్తలూ అడగొచ్చు.

ఒక మెలిక మాత్రం ఉంటుంది. వంశంలో పరీక్ష ముందు జబ్బు వచ్చినవాళ్లతో మొదలుపెట్టాలి. వాళ్లలో మార్పు దొరికితేనే మిగతావాళ్ల ‘నెగెటివ్’కు విలువ. జబ్బు లేని కొడుకు నేరుగా వెళ్లి పరీక్ష చేయించుకుని ఏమీ దొరకలేదంటే, తండ్రికి ఉన్నది ఆ పరీక్షకు అందనిది కావొచ్చు. కొడుకు గుండె మీద చెయ్యి వేసుకునేది అలాంటి రిపోర్టు మీద కాదు. కానీ తండ్రి ఆరేళ్ల కిందటే పోయాడు, ఏం చేయాలి? పోయినా ఒక దారి ఉండొచ్చు. ఆపరేషన్‌లో తీసిన ఆయన కణితి ముక్క, తపాలాబిళ్లంత మైనం దిమ్మలో, పెథాలజీ విభాగం అరలో కొన్నేళ్లపాటు భద్రంగా ఉంటుంది. మనిషి బూడిదైపోయినా ఆయన డీఎన్ఏ అక్కడ ఉంటుంది. దాన్ని అడిగి తీసుకోవడానికి కావాల్సింది ఆనాటి బయాప్సీ రిపోర్టు మీది నంబరు. మన ఇళ్లలో ఆ కాగితం ఏమవుతుందో తెలిసిందే. కర్మలయ్యాక ఇల్లు సర్దుతూ ‘ఇక దేనికిలే’ అని ఆస్పత్రి ఫైలంతా పాత పేపర్లవాడికి తూకం వేసేస్తారు.